కారణం ఎంచుకోండి

మంగళవారం రాత్రి
గొర్రెల కొండ మీంచి దిగొచ్చిన గాలి
ఎవరి తలుపూ తట్టకుండా
మా గుమ్మం ముందున్న ఆకుపచ్చ డబ్బాని ఎత్తుకుపోయింది.
మూత అంతకు ముందు చలికాలమే పోయింది.

కౌన్సిల్ ఫారం అడుగుతోంది:
కారణం ఎంచుకోండి.
పోయింది. దొంగిలించారు. విరిగింది. ఇంట్లోకి కొత్తగా దిగాను.
నాలుగే గడులు.
గాలికి పోయిన పేలపిండి కృష్ణార్పణం
అని టిక్కు పెట్టే గడి
హాలిఫాక్స్‌లో ఇంకా రాలేదు.

"పోయింది" నొక్కాను.
పది పనిదినాల్లో పంపుతామంది తెర.
పనిదినాలు వాళ్లవి.
సీసాలకి సెలవుల్లేవు.
మూడుసార్లు కడిగినా నూనె వాసన వదలని పచ్చడి సీసా,
కొబ్బరిపాల డబ్బాలు,
పక్క వాటాలో ఉండే ట్రెవర్ మొహమాటపడుతూ నాకంటగట్టే బీరు సీసాలు,
అన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది గురువారం బయట పెట్టాను.
తెల్లారేసరికి వానకి అడుగు ఊడి
సీసాలన్నీ వీధి వాలున దొర్లుతూ
నిద్రపోతున్న ఇళ్లన్నిటికీ ట్రెవర్ అలవాట్లు చెప్పేశాయి.
లారీ కుర్రాడు మిగిలిన అట్టముక్కకి
ఒక పసుప్పచ్చ చీటీ తగిలించి పోయాడు:
తప్పు పెట్టె.

నేను బస్సు తోలతాను.
నా సీటు మీంచి చూస్తే
ఈ ఊళ్లో ఏ ప్రహరీ గోడా గోడ కాదు.
ఎవరి పెరట్లో ఏ బట్ట ఎన్నాళ్లుగా ఆరుతోందో నాకు తెలుసు.
శనివారం ఉదయం, ఏడో స్టాపు దగ్గర
ఒక గోడ అవతల
తెల్లరంగులో ౪౭.

నేను రాసిందే. వంటింటి తలుపుకి వెయ్యగా మిగిలిన రంగు.
డబ్బాలన్నీ ఒక్కలా ఉంటాయని ఒక కారణం,
ఆ అంకెలు రాసుకునే చోటు
ఇంకెక్కడా దొరక్కపోవడం అసలు కారణం.
వెనక ఎనిమిదిమంది ప్రయాణికులు. బెల్లు కొట్టారు.
గేరు మార్చాను.

సెలవురోజు నడిచి వెళ్లాను, అడిగి తెచ్చుకుందామనే.
విన్నీ హోల్‌రాయిడ్‌గారికి ఎనభై దాటుంటాయి,
మోకాలు వంగదు, నేల తవ్వలేదు.
డబ్బా నిండా మట్టి పోసి
బంగాళాదుంపలు పాతింది.
"గాలి తెచ్చిపెట్టిందయ్యా, సరిగ్గా గేటు దగ్గరే.
నీళ్లు పోవడానికి అడుగున కన్నాలు కూడా ఉన్నాయి, చూడు.
ఎవరో ముచ్చటపడి బొమ్మలు గీశారు,
ఇదేమో నత్త, ఇదేమో గొడుగు పిడి."

నాది అనబోయాను.
ఫారం అడుగున చిన్న అక్షరాల్లో చదివింది గుర్తొచ్చింది:
డబ్బా ఎప్పటికీ కౌన్సిల్ ఆస్తే.
మరి నాదంటూ ఏముందక్కడ?
ఒక నత్త, ఒక గొడుగు పిడి.
"బాగున్నాయండీ" అన్నాను.

పదకొండో పనిదినాన ఫోన్ చేస్తే
డెనీస్ అనే అమ్మాయి ఓపిగ్గా అడిగింది,
"ఒకసారి పక్క వీధుల్లో చూశారా?
చాలామందికి అక్కడే దొరుకుతాయి."
చూశాను, దొరకలేదు అన్నాను.
పన్నుల్లోనూ వీసాల్లోనూ
ఒక్క అక్షరం తప్పు రాయనివాణ్ణి,
పిడికెడు దుంపల కోసం
సర్కారుతో అబద్ధమాడాను.

కొత్త డబ్బా నిన్న వచ్చింది.
ఇంకా ఫ్యాక్టరీ వాసన.
మూత రాలేదు.
మూతకి వేరే ఫారమట.
కారణం ఎంచుకోండి.
ఎంచుకోలేదు. లోపల ఒక ఇటుక పెట్టాను.
రంగు డబ్బా తెరిస్తే గడ్డకట్టిపోయింది,
ఇంకా నంబరు వెయ్యలేదు.

ఏడో స్టాపులో ఎవరూ చెయ్యెత్తకపోయినా
ఈమధ్య బస్సు కాస్త నెమ్మదిస్తోంది.
మొలకలు లేచాయి, పక్కకి వాలాయి,
ఆకులు గొడుగు పిడిని పూర్తిగా కప్పేశాయి.
ఇప్పుడది నాలుగో నంబరు.